కార్లు లేని బాటా, కార్లు రాని రోడ్డా? దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్రకు ఏది ఎంచుకోవాలి

దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ తొక్కి రావాలనుకునే మనవాళ్లు అడిగే మొదటి మాట దాదాపు ఒకటే: "ట్రాఫిక్ గొడవ లేకుండా ఎక్కడ తొక్కొచ్చు?" అడిగేవాళ్లు మాత్రం రకరకాలు. తులూజ్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చి అక్కడే సైకిల్ కొనుక్కున్నవాళ్లు కొందరు. హైదరాబాద్‌లో 200, 300 కి.మీ. బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, పూర్తిచేసి, ఒక్కసారైనా మోం వాంతూ కొండ ఎక్కాలని కలగనేవాళ్లు కొందరు. పిల్లలతో వారం రోజులు నింపాదిగా తిరగాలనుకునేవాళ్లు ఇంకొందరు. అందరికీ ఒకే జవాబు చెప్తే అందరూ ఇబ్బంది పడతారు.

ట్రాఫిక్ లేకపోవడంలో రెండు రకాలున్నాయి మరి. ఒకటి, కార్లను రానివ్వని బాట: కాలువ గట్టు, పట్టాలు పీకేసిన పాత రైలు దారి. ఫ్రెంచివాళ్లు దీన్ని 'వ్వా వెర్త్' అంటారు, అంటే పచ్చబాట. రెండోది, కార్లు రావచ్చు గానీ రావు: పల్లెకీ పల్లెకీ మధ్య సన్నటి తారు రోడ్డు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సన్న టైర్ల రోడ్ బైక్ ఉన్నవాళ్లు మొదటిదాన్ని వెతుక్కుంటూ వెళ్లి, దానికంటే ఎన్నో రెట్లు బాగుండే రెండోదాన్ని చూడకుండానే తిరిగొస్తున్నారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం మొదటిదే సరైనది.

## ఆ రోడ్లు ఎందుకు ఖాళీగా ఉంటాయి

ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు పది లక్షల కిలోమీటర్లకు పైనే. అందులో దాదాపు 3,80,000 కి.మీ. జిల్లాలవి. ఊళ్ల సొంత రోడ్లు అంతకంటే ఎక్కువ. మన పంచాయతీల్లాంటి కమ్యూన్లు సుమారు 35,000 ఉన్నాయి, ఒక్కోదానికీ తన పొలాల దాకా, పక్క ఊరి దాకా తారు రోడ్డు ఉంటుంది. ఊళ్లలో జనం తగ్గారు గానీ రోడ్లు తగ్గలేదు, చాలాచోట్ల మరమ్మతులూ ఆగలేదు. అందుకే నలుగురు కూడా తిరగని చోట నున్నటి తారు కనిపిస్తుంది.

బోర్డుల మీద అక్షరాలు గుర్తుపెట్టుకోండి. 'ఏ' అంటే మోటర్‌వే, సైకిల్‌కు ప్రవేశం లేదు. 'ఎన్' అంటే జాతీయ రహదారి, సైకిల్ మీద దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. 'డీ' అంటే జిల్లా రోడ్డు. మనకు కావలసింది ఇదే. కానీ డీ కనబడగానే నమ్మేయకండి. 2006లో చాలా జాతీయ రహదారులను జిల్లాలకు అప్పగించి 'ఎన్' తీసేసి 'డీ' పెట్టారు. లుబెరాన్ లోయలో డీ 900 అలాంటిదే. పేరు మారింది, లారీలు మారలేదు.

నేను వాడే పరీక్ష ఒక్కటే: ఈ రోడ్డు వెళ్లే చోటికే వెళ్లే ఇంకో వేగమైన రోడ్డు పక్కన ఉందా? ఉంటే ఇది ఖాళీ. వాంతూ కొండకు దక్షిణాన నెస్క్ లోయ ఉంది. అక్కడి విల్-సుర్-ఓజోన్ ఊరి నుంచి సో అనే ఊరికి రెండు దారులు. డీ 1 కొండమీదుగా, అబేయ్ కనుమ దాటి దగ్గరి దారిలో వెళ్తుంది. డీ 942 ఏమో లోయ అంచు పట్టుకుని, రాతిలో తొలిచిన చిన్న సొరంగాల గుండా మెలికలు తిరుగుతూ పోతుంది. పని మీద వెళ్లేవాళ్లందరూ మొదటిది పట్టుకుంటారు. రెండోదాన్ని మనకు వదిలేశారు. ఆ జిల్లాల్లో ఎక్కడికి వెళ్లినా ఇలాంటి జంట రోడ్లు దొరుకుతాయి.

ఫోన్ మ్యాపులో ఇది వెంటనే తెలియదు. మిషెలిన్ వాళ్ల 1:1,50,000 కాగితం మ్యాపు కొనుక్కోండి. ఎరుపు, పసుపు వదిలేసి తెల్ల గీతలు పట్టుకోండి. రోడ్డు మీద బాణం గుర్తు ఒకటుంటే వాలు 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13కు పైన. బాణం ఎక్కే దిక్కుకే చూపిస్తుంది. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే అందమైన దారి అని అర్థం. అది ఆగస్టులో హెచ్చరిక కూడా, ఎందుకంటే ఆ గీత కారవాన్ వాళ్లకూ కనిపిస్తుంది.

## ఏం చూసి నిర్ణయించుకోవాలి

కార్లు ఒక్కటే చూస్తే సరిపోదు. రోడ్డు పైపొర ముఖ్యం. 28 ఎంఎం టైర్‌తో వెళ్తున్నారా, కంకర బాటలకు పనికొచ్చే 40 ఎంఎం గ్రావెల్ టైర్‌తోనా అన్నదాన్నిబట్టి సగం జాబితా అక్కడే కొట్టేయొచ్చు. తర్వాత ఎక్కుడు: రోజుకు 500 మీటర్లు ఎక్కగలరా, 2,000 ఎక్కగలరా? ఆ తర్వాత గాలి. రోన్ నదీ లోయలో ఉత్తరం నుంచి మిస్త్రాల్ వీస్తుంది, లాంగ్‌దోక్ వైపు వాయవ్యం నుంచి త్రామొంతాన్, తులూజ్ చుట్టూ ఆగ్నేయం నుంచి ఓతాన్. ఇవి రోజుల తరబడి ఆగవు. చదును రోడ్డు మీద ఎదురు మిస్త్రాల్ కంటే కొండ ఎక్కడమే నయం.

చివరిగా నీళ్లు, తిండి. దీన్ని అందరూ ఆఖర్న ఆలోచిస్తారు, దారిలో మొదట గుర్తొచ్చేది ఇదే. ఖాళీ రోడ్డు అంటే ఖాళీ ఊరు కూడా. పన్నెండున్నరకల్లా కొట్టు మూస్తారు, రెండుకో మూడుకో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలాచోట్ల అసలు తెరవరు.

## గరోన్ కాలువ, మిది కాలువ: గట్టు మీద ప్రయాణం

రెండు కాలువలూ తులూజ్ దగ్గర కలుస్తాయి. జనం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది.

మిది కాలువ పేరున్నది. పియర్-పాల్ రికే 1666లో మొదలుపెట్టించాడు, 1681లో పూర్తయింది, 240 కి.మీ. పొడవున తులూజ్ నుంచి సెత్ దగ్గర మధ్యధరా సముద్రం దాకా వెళ్తుంది. 1996లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ పేరు చూసి వచ్చేవాళ్లకు తెలియనిది ఏమిటంటే, తులూజ్ నుంచి పోర్-లొరాగే దాకా సుమారు 50 కి.మీ. మాత్రమే చక్కటి తారు. ఆ తర్వాత చాలాచోట్ల మట్టి గట్టు, చెట్ల వేళ్లు, వాన పడితే బురద. పూర్వం పడవలు లాగే గుర్రాల కోసం వేసిన దారి అది. రోడ్ బైక్ మీద దాని మీద రోజంతా కూర్చుంటే చేతులు పడిపోతాయి. నీడనిచ్చే ప్లేన్ చెట్లు కూడా ముందులా లేవు. 2006లో బయటపడిన శిలీంధ్రం తెగులు సోకి వేలకొద్దీ చెట్లను కొట్టేయాల్సొచ్చింది. కొత్త మొక్కలు పెరుగుతున్నాయి గానీ జులై ఎండలో అవి ఇచ్చే నీడ తక్కువ.

గరోన్ కాలువకు అంత పేరు లేదు. 1856లో పూర్తయింది. తులూజ్ నుంచి కాస్తే-ఆన్-దోర్త్ దాకా 193 కి.మీ., గట్టు పక్కన తారు బాట. రోడ్ బైక్‌కు ఇబ్బంది లేదు, పిల్లల సైకిల్‌కూ లేదు. మ్వాసాక్‌లో 1100 నాటి మఠం ఆవరణ చెక్కడాలు చూసి తీరాలి. అజాన్ దగ్గర కాలువే వంతెనెక్కి గరోన్ నదిని దాటుతుంది. 23 కమానులు, 539 మీటర్లు. కింద నది, పైన పడవ, పడవ పక్కన మీ సైకిల్. గోదావరి జిల్లాల్లో అక్విడక్టు చూసినవాళ్లు కూడా కాసేపు ఆగుతారు.

దీని లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు. గంటల తరబడి అదే గీత, అదే నీడ, అదే నీళ్లు. మలుపు తిరిగితే ఏముందో అన్న ఆరాటం ఉండదు. రోజుకు 80 కి.మీ. పైగా తొక్కే అలవాటున్నవాళ్లకు రెండో రోజుకే విసుగొస్తుంది. ఆరేళ్ల పాప పక్కన తొక్కుతుంటే మాత్రం ఆ విసుగే ప్రశాంతత.

## పాత రైలు దారులు

రైలు దారికి ఒక వరం ఉంది: రైలు ఎక్కలేని వాలు దానికి ఉండదు. రెండు మూడు శాతం మించదు. కొండల మధ్య ఉన్నా కాళ్లకు తెలియదు. మాజామే నుంచి బెదారియూ దాకా ఒ-లాంగ్‌దోక్ కొండల్లో వెళ్లే 'పాసా పైస్' 75 కి.మీ. పైచిలుకు. సొరంగాలు, వంతెనలు, పక్కన ఒలార్గ్ లాంటి ఊళ్లు. పైపొర ఎక్కువ భాగం కుదిమిన కంకర మట్టి, కాబట్టి 32 ఎంఎం కంటే తక్కువ టైర్ వద్దు. పిరనీస్ పాదాల దగ్గర ఫ్వా నుంచి సెన్-జిరోన్ దాకా ఉన్న 42 కి.మీ. బాట కూడా అదే తీరు.

తారు మీదే వెళ్లాలంటే లుబెరాన్‌లోని కలవోన్ బాట. కవయోన్ దగ్గర్నుంచి ఆప్ట్ దాటి వెళ్తుంది. దారిలో క్రీ.పూ. 3 నాటి రోమన్ వంతెన పోన్ జూలియెన్ వస్తుంది. రెండువేల ఏళ్లు బళ్లను మోసి, 2005లో కార్లకు సెలవిచ్చింది. ఇప్పుడు నడిచేవాళ్లూ సైకిళ్లూ మాత్రమే దాటతారు.

## జేర్స్: ఎవరూ వెళ్లని జిల్లా

తులూజ్‌కు పడమరన ఉన్న జేర్స్ జిల్లా విస్తీర్ణం 6,257 చదరపు కి.మీ., జనం దాదాపు 1,90,000. చదరపు కిలోమీటరుకు ముప్పై మంది. పెద్ద పట్టణం లేదు, సముద్రం లేదు, పేరున్న పర్వతం లేదు. అందుకే టూరిస్టులు కూడా ఆగరు. పొద్దుతిరుగుడు చేలు, గోధుమ, ఆర్మన్యాక్ బ్రాందీకి వాడే ద్రాక్ష, గుట్ట మీద ఊరు, మళ్లీ చేలు. తులూజ్–ఓష్ ఎన్ 124, అజాన్ నుంచి ఓష్ మీదుగా వచ్చే ఎన్ 21, ఈ రెండూ తప్పించుకుంటే మిగతా జిల్లా అంతా మీదే.

కానీ చదును అనుకుని వెళ్లొద్దు. ఈ నేలను కాస్త అర్థం చేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. దక్షిణాన లాన్‌మెజాన్ పీఠభూమి నుంచి జేర్స్, బాయిజ్, ఆరాట్స్, జిమోన్, సావ్ లాంటి నదులన్నీ విసనకర్ర పుల్లల్లా ఉత్తరానికి విచ్చుకుంటాయి. ఉత్తరం, దక్షిణం దిక్కుల్లో తొక్కితే నది వెంటో గట్టు శిఖరం మీదో సాఫీగా సాగిపోతారు. తూర్పు, పడమర దిక్కుల్లో తొక్కితే ప్రతి పుల్లా ఎక్కి దిగాలి. ఒక్కో ఎక్కుడు వంద మీటర్లే. అలాంటివి పది వస్తే సాయంత్రానికి వెయ్యి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ఈ లోయలకు రెండు ఒడ్లూ సమానంగా ఉండవు. నదికి కుడి ఒడ్డు, అంటే తూర్పు గట్టు, నిటారుగా ఉంటుంది. ఎడమ ఒడ్డు సావకాశంగా వాలి ఉంటుంది. కాబట్టి అడ్డంగా దాటక తప్పకపోతే తూర్పు నుంచి పడమరకు దాటండి. నిటారు వైపు దిగి, మెల్లటి వైపు ఎక్కుతారు. పడమటి గాలి బలంగా ఉన్న రోజు మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. ఎదురుగాలా, నిటారు గట్టా అన్నది మీ కాళ్లను అడిగి తేల్చుకోవాలి. నేనైతే గట్టునే ఎంచుకుంటాను, దానికి చివర ఉంటుంది కనుక.

గుండ్రంగా కట్టిన ఊరు ఫూర్సెస్, చిటికెడు కోట ఊరు లారెసింగ్ల్, కొండ మీది లెక్తూర్, వీటిని కలుపుతూ మూడు రోజుల చుట్టు వేసుకోవచ్చు. స్పెయిన్‌లోని సాంతియాగోకు కాలినడకన వెళ్లే యాత్రికుల దారి లెక్తూర్ మీదుగానే పోతుంది. ఆ పుణ్యాన తక్కువ ఖర్చులో పడుకోవడానికి బసలు దొరుకుతాయి. గాలి తేటగా ఉన్న ఉదయం గట్టుమీది రోడ్డు నుంచి దక్షిణానికి చూస్తే పిరనీస్ మంచు వరస మొత్తం కనిపిస్తుంది.

శాకాహారులకు ఒక ముందుమాట. ఇది బాతుల జిల్లా. భోజనం అంటే బాతు, సలాడ్ అన్నా దాంట్లో బాతు. వంటగది ఉన్న బస తీసుకుని సంతలో కూరగాయలు కొనుక్కోవడం మంచిది. జున్ను విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు, సంప్రదాయ జున్నుల్లో చాలావాటికి దూడ పొట్టలోని పదార్థం వాడతారని గుర్తుంచుకోండి. ఇది జేర్స్‌కే కాదు, ఈ వ్యాసంలోని ఊళ్లన్నిటికీ వర్తిస్తుంది.

## లుబెరాన్, వాంతూ: పేరున్నచోటి సమస్య

ఫోటోల్లో చూసి మనసు పారేసుకునే దక్షిణ ఫ్రాన్స్ ఇదే. లావెండర్, ఎర్రమట్టి రూసియోన్, కొండకు వేలాడే గోర్ద్. కవయోన్, ఆప్ట్, ఫోర్కాల్కియే, మనోస్క్, లూర్మరాన్‌లను కలిపే 'లుబెరాన్ సైకిల్ చుట్టు' దాదాపు 240 కి.మీ., పొడవునా దారి బోర్డులుంటాయి. చాలా భాగం చిన్న రోడ్లే, ఎంపికా శ్రద్ధగా చేశారు. మే నెలలో, సెప్టెంబర్ చివర్లో ఇది చాలా మంచి చుట్టు.

జులైలో నేను ఎవర్నీ పంపను. లావెండర్ జూన్ చివర్నుంచి పూస్తుంది, దాంతోపాటే బస్సులూ వస్తాయి. సెనాంక్ మఠం చుట్టూ, గోర్ద్ కింద, కార్లు వరసకట్టి నిలబడతాయి. లూర్మరాన్ కనుమ గుండా వెళ్లే డీ 943 లుబెరాన్ కొండను మధ్యలో అడ్డంగా దాటే ఏకైక రోడ్డు. పక్కన ఇంకో దారి లేదు కనుక పైన చెప్పిన పరీక్షలో అది తప్పుతుంది: సన్నం, మలుపులు, అందరికీ అదే దిక్కు. పొద్దున్నే దాటేయండి, లేదా వదిలేయండి.

ఇక వాంతూ. 1,910 మీటర్లు. బెద్వాన్ నుంచి ఎక్కితే 21 కి.మీ.లో దాదాపు 1,600 మీటర్లు. మలోసెన్ వైపు కూడా ఇంచుమించు అంతే. సో నుంచి 26 కి.మీ., ఎక్కుడు 1,200 దరిదాపు. చివరి ఆరు కి.మీ. బెద్వాన్ దారిలో కలుస్తుంది గానీ, అప్పటిదాకా అడవి నీడలో నెమ్మదిగా లేస్తుంది. ఎప్పుడూ తొమ్మిది శాతం వాలు గంటకు పైగా ఎక్కని మన రైడర్‌కు నా సలహా సో నుంచే. అనంతగిరి, శ్రీశైలం ఘాట్లు ఎక్కిన అనుభవం పనికొస్తుంది గానీ, ఇక్కడ చెట్లు అయిపోయాక తెల్లటి రాళ్ల మీద గాలిదే రాజ్యం. 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో బ్రిటిష్ రేసర్ టామ్ సింప్సన్ శిఖరానికి కొద్దిదూరంలో కుప్పకూలి చనిపోయాడు. అక్కడ స్మారకం ఉంది. ఎండనూ నీళ్లనూ తేలిగ్గా తీసుకోకండి.

ప్రశాంతత కోసం వాంతూ ఎక్కాలనుకుంటే ఒకటే మార్గం, తెల్లవారకముందే బయల్దేరడం. పదింటికి పైన కార్లు, మోటార్‌సైకిళ్లు, వందల సైకిళ్లు. శిఖరం రోడ్డు శీతాకాలంలో మూసేస్తారు, వసంతం బాగా వచ్చాక తెరుస్తారు. మర్నాడు అలసట తీర్చుకోవడానికి నెస్క్ లోయ ఉండనే ఉంది. ఇరవై కిలోమీటర్లు, రెండు మూడు శాతం వాలు, పక్కన లోతైన అగాధం. వాంతూ పేరు విని వచ్చినవాళ్లలో చాలామందికి ఇంటికెళ్లాక ఎక్కువ గుర్తుండేది నెస్కే అని నా నమ్మకం.

## బరోనీ కొండలు: నన్నడిగితే ఇదే

వాంతూ శిఖరం మీద నిలబడి ఉత్తరానికి చూడండి. మడతలు మడతలుగా కొండలు, మధ్యమధ్య చిన్న ఊళ్లు. అవే బరోనీలు, ఎక్కువ భాగం డ్రోమ్ జిల్లాలో. జనం దక్షిణ వాలుకే వస్తారు, ఉత్తరాన టులురాంక్ లోయలోకి దిగేవాళ్లు తక్కువ. వాంతూ చూడాలి, కానీ వాంతూ గుంపులో ఉండొద్దు అనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఇక్కడి కనుమల ఎత్తు మనిషికి తగ్గట్టు ఉంటుంది. సెంట్-జాల్, బ్యుయీ-లే-బరోనీ మధ్య 'ఏ' అనే పేరున్న కనుమ 718 మీటర్లు. ఓమ్ మోర్ కనుమ 1,200 పైచిలుకు. పెర్తీ కనుమ 1,300 దాకా, పైకెక్కితే ఓ పక్క ఆల్ప్స్, ఓ పక్క వాంతూ. వాలు ఎక్కువగా నాలుగు నుంచి ఏడు శాతం, దమ్ము పట్టుకుని మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. ప్రతి కనుమకూ అటు ఒక లోయ, ఇటు ఒక లోయ, కాబట్టి రోజుకు రెండు కనుమలు కలిపి గుండ్రంగా తిరిగి అదే ఊరికి రావచ్చు. సామాను మోయక్కర్లేదు. మూడు రోజులు ఒకేచోట ఉండేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం.

నియోన్స్ నల్ల ఆలివ్‌లకు ప్రసిద్ధి, బ్యుయీ ఎండబెట్టిన లిండెన్ పూల తేనీరుకు. రెమ్యుజా ఊరి పైన కొండ చరియల్లో గ్రిఫన్ రాబందులు ఉంటాయి. ఒకప్పుడు అంతరించిపోతే మళ్లీ తెచ్చి వదిలారు, ఇప్పుడు రోడ్డు మీదుగా గుంపుగా తిరుగుతాయి. రెక్కల చప్పుడు వినాలంటే రోడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉండాలో ఆలోచించండి.

లోపాలు: నియోన్స్‌కు రైలు లేదు. ఒరాంజ్‌లో దిగి నలభై కి.మీ. పైన తొక్కాలి, లేదా బస్సు. ఏగ్ లోయలో డీ 94 ప్రధాన రోడ్డు, దాని మీద కొద్ది కిలోమీటర్లు తప్పవు. లోపలి ఊళ్లలో కొట్లు బహు తక్కువ. గాలి మాత్రం వేరేచోట్ల కంటే నయం. మిస్త్రాల్ రోన్ లోయలో చెలరేగిన రోజు కూడా కొండ మడతల్లో కాస్త తలదాచుకోవచ్చు.

## సెవెన్న్, లొజేర్: నిజమైన ఒంటరితనం

ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అందరికంటే తక్కువ జనం ఉన్న జిల్లా లొజేర్. 5,167 చదరపు కి.మీ.లో దాదాపు 76,000 మంది. మన మండలాల్లో ఒక పెద్దదాంట్లో ఉండేంత జనం. సెవెన్న్ జాతీయ ఉద్యానం 1970లో ఏర్పడింది. దాని కేంద్రం ఫ్లోరాక్, సైకిల్ యాత్రకూ అదే కేంద్రంగా పెట్టుకోవచ్చు.

సెన్-జాన్-దు-గార్ నుంచి ఫ్లోరాక్ దాకా కొండ శిఖరం వెంట వెళ్లే 'కోర్నిష్' రోడ్డును ప్రొటెస్టంట్ల తిరుగుబాటు అణచడానికి 14వ లూయీ కాలంలో సైన్యం కోసం వేశారు. ఇప్పుడు లారీలన్నీ ఎన్ 106 పట్టుకుంటాయి, సైన్యం దారి సైకిళ్లకు మిగిలింది. ఫ్లోరాక్‌కు పడమరన కోస్ మెజాన్ పీఠభూమి. వెయ్యి మీటర్ల ఎత్తున గడ్డి, గొర్రెలు, ఆకాశం, అంతే. గంటసేపు ఒక్క కారు కనబడకపోవచ్చు.

నీళ్లూ కనబడవు. సున్నపురాయి నేల వాననంతా మింగేస్తుంది, పైన వాగులుండవు. రెండు సీసాలు నింపుకోకుండా ఎక్కొద్దు. ఒకసారి ఎక్కితే దిగడం, దిగితే మళ్లీ ఐదారొందల మీటర్లు ఎక్కడం, మధ్యేమార్గం లేదు. టార్న్ లోయ రోడ్డు జులై, ఆగస్టుల్లో కయాక్‌ల వాళ్లతో, కారవాన్లతో నిండిపోతుంది. దానిపైన కోస్ మీద మాత్రం అదే రోజు ఎవరూ ఉండరు. శరత్కాలంలో మధ్యధరా తేమ ఈ కొండలకు కొట్టుకుని కొద్ది గంటల్లోనే కుంభవృష్టి కురుస్తుంది. వాతావరణ శాఖ నారింజ, ఎర్ర హెచ్చరిక ఇస్తే ఆ రోజు సైకిల్ తీయకండి.

## ఒక్క చూపులో

| ఎక్కడ | కార్లు | పైపొర | ఎక్కుడు | రైలు | మంచి నెలలు |
|---|---|---|---|---|---|
| గరోన్ కాలువ | లేవు | తారు | లేదు | తులూజ్, మ్వాసాక్, అజాన్ | ఏప్రిల్–అక్టోబర్ |
| మిది కాలువ (పోర్-లొరాగే తర్వాత) | లేవు | మట్టి, వేళ్లు | లేదు | తులూజ్, కార్కసాన్ | మే, జూన్, సెప్టెంబర్ |
| పాసా పైస్ | లేవు | కంకర మట్టి | స్వల్పం | మాజామే, బెదారియూ | మే–అక్టోబర్ |
| జేర్స్ | చాలా తక్కువ | తారు | చిన్నవి, ఎన్నో | ఓష్ | ఏప్రిల్–జూన్, సెప్టెంబర్ |
| లుబెరాన్, వాంతూ | వేసవిలో ఎక్కువ | తారు | మధ్యస్థం. వాంతూ కఠినం | అవిన్యోన్, కార్పాంత్రా | మే, సెప్టెంబర్ చివర |
| బరోనీ | చాలా తక్కువ | తారు | మధ్యస్థం | ఒరాంజ్ నుంచి తొక్కాలి | మే, జూన్, సెప్టెంబర్ |
| సెవెన్న్, లొజేర్ | బహు తక్కువ | తారు, అక్కడక్కడ గరుకు | కఠినం | ఆలెస్, విల్‌ఫోర్ | జూన్, సెప్టెంబర్ మొదట్లో |

## ఎవరికి ఏది

పన్నెండేళ్లలోపు పిల్లలుంటే గరోన్ కాలువ, ఇంకో ఆలోచన వద్దు. వాళ్లకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కూడా. తులూజ్‌లో ఉండి వారాంతం మాత్రమే ఖాళీ దొరికేవాళ్లు ఓష్ దాకా ప్రాంతీయ రైలెక్కి జేర్స్ తొక్కండి. ఈ రైళ్లలో సైకిల్‌ను విప్పకుండా ఎక్కించుకోవచ్చు, సీజన్లో కొన్నిచోట్ల ముందే బుక్ చేసుకోవాలి.

ఇండియా నుంచి సైకిల్ పెట్టెలో పెట్టుకుని పది రోజులకు వచ్చేవాళ్లు రోజుకో ఊరు మారాలని చూస్తారు. అది వద్దని చెప్తాను. పెట్టె ఎక్కడ దాచాలి, రేపు ఎక్కడ పడుకోవాలి అన్న చింతలోనే సగం యాత్ర పోతుంది. బరోనీలో ఒక ఊళ్లో ఐదు రోజులు, సో ఊళ్లో మూడు రోజులు ఉంటే వాంతూ, నెస్క్ కూడా ఇందులోనే వచ్చేస్తాయి. బ్రెవేలు తొక్కి రోజుకు 2,000 మీటర్లు ఎక్కడం అలవాటైనవాళ్లకు సెవెన్న్. ఒంటరిగా వెళ్తే ఫోన్ సిగ్నల్ లేని చోట్లు ఉంటాయని ఇంట్లో చెప్పి వెళ్లండి. గేర్ల విషయంలో పంతం వద్దు: ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే కొండమీద కూడా చుట్టూ చూసే ఓపిక మిగులుతుంది.

ఈ-బైక్ వాళ్లకు జేర్స్ ఎంతో అనువు. చిన్న చిన్న ఎక్కుళ్లే కాబట్టి బ్యాటరీ రోజంతా వస్తుంది.

## ఖాళీ రోడ్డు తెచ్చే ప్రమాదాలు

మనం ఎడమవైపు నడిపే దేశం నుంచి వెళ్తున్నాం. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద కుడివైపు ఉండటం కష్టం కాదు, ముందువాణ్ణి చూసి వెళ్లిపోతాం. ఖాళీ రోడ్డు మీదే మరచిపోతాం. ఒక ఊరి కుళాయి దగ్గర సీసా నింపుకుని మళ్లీ ఎక్కినప్పుడు నేను తెలియకుండానే ఎడమవైపు పట్టుకుని అర కిలోమీటరు వెళ్లాను. మలుపులో ట్రాక్టర్ ఎదురైతే గాని గుర్తురాలేదు. ట్రాక్టర్ నెమ్మదిగా వస్తోంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి హ్యాండిల్ కుడి కొసకు రంగు టేపు చుట్టుకుంటున్నాను, ఆగిన ప్రతిసారీ ఎక్కేముందు దాన్ని చూస్తాను.

ఊళ్లలో బోర్డు ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు హక్కు, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు మీటరున్నర ఎడం ఇవ్వాలని చట్టం. పల్లె డ్రైవర్లు చాలావరకు దాన్ని పాటిస్తారు. కానీ రోడ్డు ఖాళీ అని వాళ్లకూ తెలుసు, 80 వేగంతో వస్తారు. మలుపుల్లో రోడ్డు మధ్యకు రాకండి. రాత్రి, మంచులో, ఊరి బయట మెరిసే చొక్కా తప్పనిసరి.

సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట సీజన్. ఆదివారం ఉదయం అడవి పక్క రోడ్డు మీద 'షాస్ ఆన్ కూర్' అని బోర్డు పెడితే వేట జరుగుతోందని. కొట్టొచ్చే రంగు బట్టలు వేసుకోండి, ఆ అడవి బాటల్లోకి దిగకండి. వేసవిలో ప్రోవాన్స్ వైపు కార్చిచ్చు భయం ఉన్న రోజుల్లో కొన్ని అడవులు మూసేస్తారు. ముందురోజు సాయంత్రం జిల్లా యంత్రాంగం మ్యాపు చూసుకోవాలి.

నీళ్లకు ఒక మాట. ఊరి కుళాయి మీద 'ఓ నోన్ పొతాబ్ల్' అని రాసుంటే తాగొద్దు. ఏ ఊళ్లోనూ ఏదీ తెరిచి లేకపోతే శ్మశానానికి వెళ్లండి. పూలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది, తాగొద్దని రాసి లేకపోతే ఫ్రెంచి సైక్లిస్టులు దాన్నే నింపుకుంటారు. గేటు వేసి రండి.

బరోనీకి వెళ్తున్నట్టయితే గురువారం ఉదయం నియోన్స్‌లో ఉండేలా చూసుకోండి, ఆ రోజు సంత. రొట్టె, టమాటాలు, నల్ల ఆలివ్‌లు, పికోదోన్ అనే చిన్న మేకపాల జున్ను కొనుక్కుని జెర్సీ జేబుల్లో పెట్టుకోండి. డీ 94 మీద కొద్దిదూరం వెళ్లి కుర్నియే దగ్గర కుడికి తిరిగితే సెంట్-జాల్ లోయ. అక్కడ సీసాలు నింపుకుని పైన చెప్పిన 'ఏ' అనే కనుమ ఎక్కండి. భోజనం పైనే.